చిల్మన్ ఆటకు గంట కట్టిన సంగతి

పాతబస్తీలో ఒకప్పుడు మాకొక దేవిడీ, అంటే దొరల భవంతి, ఉండేది. ఏ గల్లీలో అని అడగకండి, చెప్పను. అడిగినదానికల్లా జవాబు చెప్పకపోవడం మా ఇంటి అలవాటు. ఆ అలవాటే చివరికి నాకు అన్నం పెట్టింది.

చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక గాజుల దుకాణం మీది అంతస్తులో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పే సెంటర్ ఉండేది. తొంభైల్లో అందులో చేరినప్పుడు టైపింగూ, లెక్కల పట్టికలూ నేర్పేవాణ్ణి. తరవాత గల్లీకొక ఇంటర్నెట్ సెంటర్ వెలిసింది. పిల్లలు మెయిల్ ఐడీలు తెరుచుకున్నారు, చాటింగ్ మొదలుపెట్టారు. మెషీన్ను వాడటం వాళ్లకు నాకంటే ముందే వచ్చేస్తోంది. మెషీన్ అవతల కూర్చున్నవాడికి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు, తిరిగి వాణ్ణి ఏమడిగే హక్కు తమకుంది, ఇది మాత్రం ఎవరూ నేర్పడం లేదు. నేను నేర్పాను, ఆటలతో.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న యువతీయువకులు నన్ను అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. సలహా ఇవ్వడం నాకు చేతకాదు. జరిగింది చెబుతాను.

చెవికెక్కని పాఠం

మొదట్లో ఉపన్యాసమే ఇచ్చాను. ముక్కూ మొహం తెలియనివాళ్లకు వివరాలు ఇవ్వకండి, జాగ్రత్త, ప్రమాదం. పిల్లలు తలలూపారు. కింద గాజులు బేరమాడుతున్న గొంతులు నా గొంతుకంటే వాళ్లకు బాగా వినిపించాయి. భయపెట్టి చెప్పిన పాఠం మెట్లు దిగేలోపే ఆవిరైపోతుంది. ఇది మీరు కూడా మొదటి నెలలోనే తెలుసుకుంటారు.

అప్పుడు మా నానమ్మ గుర్తుకొచ్చింది.

జాగీర్లు పోయాక మా ఇంట్లో వాకిలి కాచే దర్బాను పని కూడా నానమ్మే చేసింది. నౌకర్లు లేరని బయటికి తెలియకూడదు. ముందు గదికి ఒక చిల్మన్ వేలాడేది, సన్నటి వెదురు పుల్లలతో అల్లిన తెర. లోపలున్నవాళ్లకు బయట కనిపిస్తుంది, బయటున్నవాళ్లకు లోపల కనిపించదు. నానమ్మ దాని వెనక పీట వేసుకుని కూర్చునేది. ఎవరైనా వచ్చి, "దొరవారున్నరా?" అంటే ఉన్నారనీ అనేది కాదు, లేరనీ అనేది కాదు. "మీరెవరు? ఎవరు పంపిన్రు? ఏం పని?" ఈ మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పినవాడికే నాలుగో మాట దక్కేది. మా వంటింట్లో పొయ్యి వెలిగిందో లేదో పక్కింటికి తెలియలేదు. దాన్ని నేనిప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.

ఇల్లు చేతులు మారినప్పుడు చిల్మన్ నాతో వచ్చింది. దాన్ని తెచ్చి క్లాసు మధ్య వేలాడదీశాను.

ఆట ఇది. ఒక పిల్ల తెర వెనక కూర్చుంటుంది. ఆమె దగ్గర చీటీలుంటాయి: పేరు, గల్లీ, పుట్టినరోజు, కాలేజీ, ఫోన్ నంబరు, నాన్న చేసే పని. మిగతావాళ్లు ఒక్కొక్కరే రకరకాల వేషాల్లో తెర ముందుకొస్తారు. మాటలతో మెప్పించి ఒక్క చీటీ అయినా తెర కిందినుంచి బయటికి లాగాలి. చీటీ బయటికొస్తే లోపలిపిల్ల ఓడినట్టు. లోపలిపిల్ల చేతిలో ఉన్న ఆయుధాలు నానమ్మ అడిగిన మూడు ప్రశ్నలే.

ఆ ఆటలో ఎన్నడూ ఓడని పిల్ల రాజేశ్వరి.

రాజేశ్వరి, తస్లీం

రాజేశ్వరిది సైదాబాద్. తండ్రి లింగయ్య సేఠ్‌కు ఉస్మాన్‌గంజ్‌లో పసుపు, ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం. బిడ్డను చేర్చిన రోజు ఆయన నా ముందు కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"సార్, చదువుకు నేను అడ్డం గాను. గని ఒక్క లొల్లి నా ఇంటి దాక వచ్చిందనుకో, మర్నాటి సంది పిల్ల రాదు. తర్వాత మీరు బతిమాలొద్దు, నేను ఇననే వద్దు."

"బతిమాలడం మా ఇంటావంటా లేదు" అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చినట్టుంది.

పిల్ల చురుకైనది. కోర్సు పూర్తయ్యాక తరవాతి బ్యాచ్‌కు ఆమెనే టీచరుగా పెట్టుకుంటానని సెంటర్ యజమాని మాటిచ్చాడు. ఆ మాట కోసం ఆ పిల్ల ఎండకూ వానకూ బస్సు మారి వచ్చేది. ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ తస్లీందే. వాళ్లది గాజులు చేసేవాళ్ల కుటుంబం. తెర ముందు తస్లీం వేయని వేషం లేదు.

"అమ్మా, మీకు ఇనాం తగిలింది. ఫోన్ నంబర్ చెప్తె ఇంటికి పంపుతం."

"మీరెవరు?" తెర వెనక నుంచి రాజేశ్వరి.

"పెద్ద కంపెనీ."

"పేరు లేదా కంపెనీకి?"

"ఉన్నది. మస్తు పెద్ద పేరు. నువ్వు నంబర్ చెప్పు, నేను పేరు చెప్త."

"నేను ఏ పోటీలనే లేను, నాకెట్ల తగిలింది?"

"అరె, నీ కిస్మత్!"

"గట్లయితె ఆ కిస్మత్ నువ్వే ఉంచుకో అక్కా."

క్లాసంతా నవ్వు. తస్లీం తెరకు దండం పెట్టి వెనక్కి వచ్చేది. మర్నాడు అనాథగానో, సర్వే మనిషిగానో, "నేను గూడ నీ లెక్కనే ఆడపిల్లను" అంటూనో మళ్లీ వచ్చేది. రాజేశ్వరి చేతిలోంచి ఒక్క చీటీ కదిలేది కాదు. ఆమెలో నాకు నానమ్మ కనిపించేది.

తాళం ఆట

రెండో ఆట నేను కనిపెట్టలేదు, పిల్లలే కనిపెట్టారు. ఆ రోజుల్లో మెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోతే మెషీన్ ఒక రహస్య ప్రశ్న అడిగేది. మీ అమ్మ పుట్టిన ఊరేది, మీ మొదటి బడి ఏది, ఇలాంటివి. జవాబు చెబితే తలుపు తీసేది. ఎవరి ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పగలరో చూద్దామని మొదలుపెట్టారు. గంట గడవకముందే క్లాసులో ఒక్క తాళమూ మిగల్లేదు.

ఆ ప్రశ్నలు ఎవరు రాశారో తెలియదు గానీ, వాళ్లు మా గల్లీల్లో నీళ్లడిగి తాగినవాళ్లు కారు. ఇక్కడ గ్లాసు చేతికిచ్చేముందే "ఎవరింటి పిల్లవు, మీ అమ్మ ఎక్కడామె" అని అడుగుతారు. చెప్పకపోతే మర్యాద తెలియనివాళ్లం. మెషీన్‌కు రహస్యమైనది మాకు కుశలప్రశ్న.

"సార్, మీదేంది?" అంది తస్లీం.

నా ప్రశ్న మా వంశంలో పేరున్న పెద్దమనిషి ఎవరని. చెప్పడం పూర్తి కాకముందే వెనక బెంచీనుంచి మా ముత్తాత బిరుదుతో సహా జవాబు వచ్చింది. మొదటి రోజే ఆయన సంగతి క్లాసులో చెప్పాను మరి. ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి.

"సార్ దేవిడీ దర్వాజా ఖుల్లా!" అని అరిచారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

అప్పుడు కొత్త నియమం పెట్టాం. అమ్మ పుట్టిన ఊరేదని మెషీన్ అడిగితే పచ్చిమిరపకాయ అని రాయాలి. దానికీ దీనికీ సంబంధం ఉండకూడదు.

"అబద్ధం గాదా సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"మనిషికి చెప్తె అబద్ధం. తాళానికి చెప్తె తాళంచెవి" అన్నాను.

ఆ రోజు రాజేశ్వరి రాలేదు. ఇంట్లో బోనాల పండుగ, చుట్టాలు వచ్చారు. ఆమె తాళం పాతదే ఉండిపోయింది. అది మాలో ఎవరికీ తట్టలేదు.

తెర ముందు యజమాని

యజమాని గురించి రెండు మాటలు. సుబ్బారావుగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవారు. మంచి మనిషి, ఒట్టి తొందర మనిషి. ఒకరోజు మెరుపు కళ్లతో వచ్చారు.

"ఏవండీ మాస్టారూ, పాంప్లెట్ వేయిస్తున్నానండీ. మన పిల్లల ఫొటోలు, పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు. డౌటున్నవాళ్లు వాళ్లకే ఫోన్ చేసి కనుక్కుంటారండీ. నమ్మకం కుదురుతుంది!"

వద్దని నేను చెప్పి ఉంటే వాదించేవారు. "తెర అవతల కూర్చున్నారు, వాళ్లనే అడగండి" అన్నాను. ఆయన సరదాపడి తెర ముందు కుర్చీ వేసుకున్నారు. లోపల రాజేశ్వరి, ఆమె వెనక మిగతా పిల్లలు.

"మీరెవరు?"

"నేనమ్మా, సుబ్బారావుని."

"ఎవరు పంపిన్రు?"

"నన్నెవరు పంపుతారమ్మా, సెంటర్ నాదైతేనూ!"

"ఏం పని?"

ఆయన చెప్పారు. లోపల గుసగుసలు.

"అచ్చయినంక నా ఫొటో నాకు వెనక్కి గావాలంటె ఇస్తరా సార్?"

"వెనక్కంటే... ఊరంతా పంచేశాక ఎలా తెస్తానమ్మా?"

"గట్లయితె వద్దు సార్."

ఆయన వెదురుపుల్లలకేసి చూసి, "నిజవేనండోయ్" అన్నారు. పాంప్లెట్ మీద ఒక కంప్యూటర్ బొమ్మ మాత్రం పడింది. నేను చాలామంది పైవాళ్ల దగ్గర పనిచేశాను. తన దగ్గర చదివే పిల్లల చేతిలో ఓడి, మర్నాడు వాళ్లకు బిస్కట్లు తెచ్చిన యజమాని ఈయనొక్కడే. హక్కు అంటే ఏమిటో ఆ పిల్లలకు అర్థమైంది కూడా ఆ రోజే. ఎదుటివాడు మంచివాడైనా వద్దనవచ్చు. వాళ్లు ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆట చెప్పని సంగతి

వర్షాలు వెనకబట్టాక రాజేశ్వరి మారింది. ఆటకు లేవదు. తస్లీం వేరే వరసలో కూర్చుంటోంది. మరికొందరు పిల్లలు కూడా రాజేశ్వరి పక్కకు పోవడం లేదు. తస్లీంను పిలిచి అడిగాను.

"నన్నెందుకు అడుగుతరు సార్? మా అమ్మీ గురించి, మా ఇంటి గురించి మెయిల్ల ఏం రాసిందో ఆమెనే అడుగుండ్రి" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

క్లాసు అయ్యాక రాజేశ్వరిని ఆగమన్నాను. తలుపు బార్లా తెరిచి, తస్లీంను కూడా ఉండమన్నాను. ఏమైందని అడిగాను. రాజేశ్వరి వీపు నిటారుగా పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడింది. ఆ నిబ్బరం నాకు ఎక్కడో పరిచితం. ఇంకొక సందర్భంలో అయితే మెచ్చుకునేవాణ్ణి.

చివరికి, "నేన్ రాయలే సార్" అంది.

తస్లీం గిరుక్కున తిరిగింది. "నీ ఐడీనించే వచ్చినయ్ గదనే!"

"వచ్చినయ్. నేన్ రాయలే."

"మరి గిన్ని దినాలు నోట్ల ఏమున్నది? చెప్పొద్దా?"

రాజేశ్వరి తస్లీంకు కాక నాకు జవాబిచ్చింది. "మీ ఆటల నోరిప్పినోళ్లు ఓడిపోతరు గద సార్. నేనెన్నడన్న ఓడిన్నా?"



ఆమె చెప్పింది నిజం. నా ఆటలో తెర దాటి వచ్చిన ప్రతిదీ ఓటమే. ఏది దాచాలో నేర్పింది, ఏది అరిచి చెప్పాలో నేర్పలేదు. మా నానమ్మ తరచూ అనే సామెత ఒకటుండేది: ఇల్లు గుట్టు, రోగం రట్టు. ఇంటి సంగతి దాచుకో, జబ్బును మాత్రం నలుగురికీ చెప్పు అని. మేమందరం అందులో మొదటి సగమే విన్నాం, అది మా దర్జాకు సరిపోయింది కనుక. రెండో సగం కూడా నేను కళ్లారా చూశాను. తాతయ్య ఒక మధ్యాహ్నం కుప్పకూలినప్పుడు, అంతవరకూ గల్లీలో ఎవరూ మొహం చూడని నానమ్మ చిల్మన్‌ను ఒక్క తోపు తోసి, కొంగు జారినా చూసుకోకుండా వీధిలోకి వచ్చి కేకలు పెట్టింది. గల్లీ అంతా పరుగెత్తుకొచ్చింది. తాతయ్యను ఆసుపత్రికి మోసుకుపోయారు. ఆయన ఆ తరవాత చాలాకాలం బతికాడు.

ఆ కథ ఇద్దరికీ చెప్పాను. తస్లీం మెల్లిగా వచ్చి పాత కుర్చీలో కూర్చుంది.

మార్కా

మెయిల్ తెరిచి ముగ్గురం చూశాం. రాజేశ్వరి రాయని ఉత్తరాలు ఆమె పేరుతో వెళ్లి ఉన్నాయి. రహస్య ప్రశ్న అమ్మ పుట్టిన ఊరు, జవాబు నిజమైన ఊరే. పాస్‌వర్డ్, జవాబు రెండూ అక్కడికక్కడే మార్చాం. ఎవరి పనో ఆమెకు తెలుసు. ఉత్తరాల్లో ఇంటివాళ్లకు తప్ప తెలియని మాటలున్నాయి. పండుగకు వచ్చి, కంప్యూటర్ చదువు మీద రోజంతా వెక్కిరించి వెళ్లిన మేనబావ.

"బాపుకు తెలిస్తె రేపటి సంది బంద్ సార్. బావను ఏమనడు, నన్నే బంద్ జేస్తడు" అంది. కోర్సు చివరికొచ్చింది. మాటిచ్చిన ఉద్యోగం చేతికందేంత దూరంలో ఉంది.

నేను ఆమె తరఫున నిర్ణయం తీసుకోలేదు. కొత్తవాళ్లకు ఇది గట్టిగా చెబుతాను: ఆ సంగతి ఆ పిల్లది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో కూడా ఆమె హక్కే. "చెప్తె నువ్వే చెప్పాలె. నేను పక్కన నిలబడ్త" అన్నాను. రెండు రోజుల తరవాత "పోదాం సార్" అంది.

మా ఇంటివాళ్లు ఏ దుకాణం మెట్టూ పనిమీద ఎక్కి ఎరగరు, దుకాణాలవాళ్లే మా దగ్గరికి వచ్చేవారు. ఉస్మాన్‌గంజ్‌లో ఆ మెట్టు ఎక్కుతున్నప్పుడు నా మోకాళ్లకు ఆ సంగతి గుర్తొచ్చింది. లోపల మిరపకాయల ఘాటు. తస్లీం అడుగుపెడుతూనే తుమ్మడం మొదలుపెట్టింది. లింగయ్య సేఠ్ సంచుల మీద తన దుకాణం మార్కా కొట్టిస్తున్నాడు. రేకులో కత్తిరించిన అచ్చును సంచికి ఆనించి, మీద నల్లరంగు పూస్తున్నారు.

మమ్మల్ని చూసి ఆయన మొహం గట్టిపడింది. "ఏంది సార్, లొల్లా?"

నేను పక్కన నిలబడ్డాను. రాజేశ్వరి మాట్లాడింది. ఆగకుండా చెప్పింది. బావ పేరు చెప్పేటప్పుడు మాత్రం తండ్రి కళ్లలోకి చూసింది.

ఆయన  చేతిలో రేకు అచ్చును తిప్పి చూశాడు.

"అంటె, నీ పేరు మీద వాడు చిట్టీలు రాసిండు. చదివినోళ్లు నువ్వే అనుకున్నరు."

"అవు బాపు."

"నీ మార్కా వాడు వాడుకున్నడు."

"అవు."

"ఎన్నొద్దులాయె?"

"బోనాలప్పటి సంది."

"ఓసి పిచ్చిదానా!" ఆయన గొంతు ఒక్కసారి లేచింది. గుమాస్తాలు తలలెత్తారు. "ఈ అచ్చు ఎవడన్న ఎత్కపోయిండనుకో, గదే పూట గంజ్ మొత్తం తిరిగి చెప్పొస్త. చెప్పకుంటె పుచ్చు మాలు నా పేరు మీద అమ్ముతడు. దుకాణంల పుట్టి గీ మాత్రం తెల్వదా నీకు?"

"చెప్తె క్లాసు బంద్ జేస్తవని..."

"లొల్లయితె బంద్ అన్న. ఇది లొల్లా? ఇది దొంగతనం. దొంగ వడ్డడని దుకాణం మూసుకుంటమా?"

రాజేశ్వరి ఏడ్చేసింది. తస్లీం తుమ్ముతూ ఏడుస్తోంది. సేఠ్ తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "మిరపకాయలు మస్తు ఘాటున్నయ్ ఈ సారి" అన్నాడు. నేను కూడా మిరపకాయల మీదకే తోశాను.

"వాని సంగతి నేను మా అక్క ముంగట కూసోని మాట్లాడ్త. నువ్వు పోయి నీ మాలు చూస్కో" అన్నాడు బిడ్డతో. తరవాత నాకేసి తిరిగి, "కూసోండి సార్, చాయ్ దాగుండ్రి" అన్నాడు. కూర్చున్నాను. దుకాణంలో గోనెసంచి మీద కూర్చుని చాయ్ తాగడం నాకు అదే మొదలు. ఎన్నో ఏళ్లుగా వీపు మీద మోస్తున్న బరువేదో ఆ సంచి మీద దించినట్టయింది.

మర్నాడు రాజేశ్వరి క్లాసు ముందు నిలబడి జరిగింది చెప్పింది. ఆ ఉత్తరాలు అందిన ప్రతి ఒక్కరికీ అవి తనవి కావని కొత్త ఐడీనుంచి రాసింది. బావ ఆ తరవాత మళ్లీ రాయలేదు. ఆ ఏడు మేనత్త ఇంటినుంచి వెక్కిరింపులు తక్కువగా వినిపించాయని మాత్రం రాజేశ్వరి ఓసారి నవ్వుతూ అంది.

గంట

ఆ వారమే ఆట మార్చాం. రాజేశ్వరి దుకాణంలో పడి ఉన్న పాత సైకిల్ గంట ఒకటి తెచ్చింది. తెర లోపలి వైపు బల్లకు బిగించాం. లోపలిపిల్లకు భయం వేసినా, మోసపోయినా, ఏదో తేడాగా ఉందనిపించినా గంట కొట్టవచ్చు. కొట్టగానే ఆట ఆగుతుంది, గదిలో ఉన్నవాళ్లంతా తెర దాటి ఆమె వైపుకు వెళ్లి నిలబడాలి. గంట కొట్టినవాళ్లు ఓడినట్టు కాదు. చీటీ జారిపోయాక కొట్టినా ఓడినట్టు కాదు. ఈ చివరి నియమం రాజేశ్వరి పెట్టింది.

మీరు ఎన్ని కొత్త ఆటలైనా తయారుచేసుకోండి. నా చిల్మన్‌లాంటివి ఇప్పుడు కంప్యూటర్ తెరమీదే వస్తున్నాయట. గంట మాత్రం మరవకండి. దాచుకోవడం ఒక్కటే నేర్పితే పిల్లలు తమ దెబ్బను కూడా దాచుకుంటారు.

తరవాతి బ్యాచ్ మొదటి రోజు టీచరు రాజేశ్వరి. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. నియమాలన్నీ చెప్పి, కొత్తగా చేరిన ఒకమ్మాయిని తెర వెనక కూర్చోబెట్టింది. ఇంకా ఎవరూ తెర ముందుకు రాలేదు, ఒక్క ప్రశ్నా అడగలేదు. టింగుమని గంట మోగింది.

కుర్చీలు జరిగాయి. అందరూ లేచారు. రాజేశ్వరి చిల్మన్‌ను ఒక్క తోపు తోసి ముందుగా లోపలికి వెళ్లింది. నేనూ లేచాను, మోకాళ్ల సంగతి మరిచిపోయి.

"ఏమైందే?" అంది రాజేశ్వరి.

ఆ పిల్ల చుట్టూ నిలబడ్డవాళ్లందరినీ ఒకసారి చూసింది. "ఏం గాలే మేడం. మోగిస్తె నిజంగనే వస్తరా, రారా అని చూసిన."